ఐదు గంటల డ్యూటీ

సోమవారం పొద్దున ఆరున్నరకు లేచిన మొగిలి, ముఖం కడుక్కోకముందే ఒక నిర్ణయం తీసుకున్నాడు. రేపటి నుంచి తన టిఫిన్ సెంటర్ తెల్లవారుజామున ఐదింటికే తెరవాలి. ఇదే నిర్ణయాన్ని అతను ఈ ఏడాదిలో ఇప్పటికి ఆరుసార్లు తీసుకున్నాడు. ఆరుసార్లూ గట్టిగానే తీసుకున్నాడు.

మొగిలి టిఫిన్ సెంటర్ గోదావరిఖనిలో బొగ్గుబాయి గేటుకు పోయే రోడ్డు మీద ఉంది. అంతకంటే మంచి చోటు టిఫిన్ వ్యాపారానికి ఆ ఊళ్లో దొరకదు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు పొద్దున ఐదున్నర నుంచి ఆ దారినే ఆకలితో పోతారు, ఏడింటికల్లా భూమి కిందికి దిగిపోతారు. సరిగ్గా ఏడింటికి మొగిలి షట్టరు ఎత్తుతాడు. అప్పటి నుంచి పేపరు చదువుకోవడానికి వచ్చే రిటైరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒక్కో టీ తాగి పోతుంటారు.

ఐదింటికి తెరవకపోవడానికి ఒక్కటే కారణం. మొగిలి ఓవర్‌మన్‌గా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. అంటే బాయిలో షిఫ్టు నడిపే మనిషి. అన్నేళ్లూ నాలుగింటి అలారానికి లేచాడు కాబట్టి, రిటైరైన రోజున సన్మానపు శాలువా భుజం మీద ఉండగానే, ఇక బతికినంత కాలం ఆరు దాటాకే లేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. అతని నిర్ణయాలన్నిటిలో ఇప్పటిదాకా అమలైంది అదొక్కటే.

భార్య అనసూర్యకు ఓపిక అయిపోయింది. షట్టరు, అంటే దుకాణం గది, ఆమె పేరు మీద ఉంది. "శనారం దాకా చూస్త. ఫస్ట్ షిఫ్టోళ్లు మన దుకాణంల తింటే సరే. లేకుంటే షట్టరు పక్క టెంట్ హౌసోళ్ల సోహైల్‌కు ఇచ్చేస్త. మొబైల్ షాపు పెట్టుకుంటడట, టేపు పట్టుకొచ్చి కొలుస్కపోయిండు గూడ" అని మొన్ననే చెప్పేసింది. ఆమె నిర్ణయాలు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి, కానీ జరిగి తీరతాయి. ఆ సంగతి మొగిలికి బాగా తెలుసు. దుకాణం పోతే అతనికి మిగిలేది ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ, పలకరించకుండా పోయే మనుషులు. 

అందుకే ఆదివారం చిన్న వ్యాపారులకు ఉచితంగా పెట్టిన శిక్షణ తరగతికి పోయాడు. జగదీశ్వర్ అనే ఆయన కోటు వేసుకుని వచ్చి, నిర్ణయం తీసుకోవడం వేరు, దాన్ని చేతల్లో పెట్టడం వేరు అని చెప్పాడు. నిర్ణయాన్ని అందరి ముందూ బిగ్గరగా ప్రకటించాలి, టైము చెప్పాలి, పాటించకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి అన్నాడు. మొగిలికి ఈ మూడూ తెగ నచ్చాయి. నాలుగోది చెప్పే సమయానికి భోజనాలు మొదలయ్యాయి, అతను లేచి వరసలో నిలబడ్డాడు.

"ఏమే, ఇయ్యాల స్టాఫ్ మీటింగు పెడుతున్న" అన్నాడు సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ.

"స్టాఫెవరు?" అంది అనసూర్య.

"పోశం, సంతోషి."

"గా ఇద్దరికి మీటింగెందుకయ్యా? పొయ్యి కాడికి పోయి చెప్పరాదు?"

"గట్ల చెప్తే అది ముచ్చట. మీటింగుల చెప్తే అది నిర్ణయం" అన్నాడు మొగిలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. దోసెలు పోసే పోశం, మొగిలికి వరసకు బావ, బాయికి గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర పాతికేళ్లు పని చేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. పైగా దుకాణం ముందు బొగ్గు టిప్పర్లు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. మైకు లేకుండా ఆయనకు నిర్ణయం వినిపించడం కుదరదు. మొగిలి పక్కనే ఉన్న మహమూద్ టెంట్ హౌస్‌కు పోయాడు.

"చిన్న మైకుంటే ఇయ్యి మహమూద్ భాయ్. ఇద్దరికి వినబడితే చాలు."

"చిన్నదేం లేదు భాయ్, పెండ్లి సెట్టు ఒక్కటే ఖాళీగున్నది. ఫికర్ చెయ్యకు, సౌండు తక్కువ పెడుత" అన్నాడు మహమూద్. ఆయన పెట్టిన తక్కువ సౌండుకే ఎదుటి కటింగ్ షాపులో అద్దాలు అదిరాయి. మనిషి కనబడాలి కదా అని మొగిలి ఒక స్టూలు కూడా వేసుకున్నాడు. గిరాకీ ఉండని వేళ కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకు ముహూర్తం పెట్టాడు.

బొగ్గు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు రెండున్నర అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సెకండ్ షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళ అది. ఆ వేళకు బాయి దారిలో ఒక మనిషి స్టూలెక్కి మైకు పట్టుకున్నాడంటే అది గేట్ మీటింగు, ఏదో కొంప మునిగే సంగతి ఉంది, ఆగి వినాలి. తాతల కాలం నుంచీ అక్కడ అదే అలవాటు. మొగిలి కూడా సర్వీసంతా అలాగే ఆగి విన్నాడు. ఇప్పుడు మాత్రం అతని తలలో టిఫిన్ల టైములు తప్ప షిఫ్టుల టైములు లేవు.

స్టూలెక్కాక మైకులో ఎలా మొదలుపెట్టాలో అతనికి ఒక్క పద్ధతే తెలుసు.

"కార్మిక సోదర సోదరీమణులారా!" అన్నాడు. ఆ పిలుపులో తప్పేమీ లేదు. సోదరుడు పోశం, ప్లేట్లందించే సోదరి సంతోషి ఎదురుగా బెంచీ మీద కూర్చునే ఉన్నారు. "రేపటి సంది ఫస్ట్ షిఫ్టు పొద్దుగాల ఐదు గంటలకే! ఏడు గంటల ముచ్చట ఇగ మర్చిపోండ్రి. ఒక్క నిమిషం లేటైనా మస్టర్ పడది, వాపస్ ఇంటికి పోవుడే. నిర్ణయం అయిపోయింది. ఇందుల మార్పు లేదు!"

మస్టర్ అంటే ఆ రోజు హాజరు. ఆ మాట చెవిన పడ్డాక ముందుకు పోయే కార్మికుడు ఆ ప్రాంతంలో ఉండడు. మోటార్ సైకిళ్లు ఆగాయి. ఆటోలు ఆగాయి. మొగిలి తలెత్తి చూసేసరికి ఇద్దరు స్టాఫ్ వెనక రెండు వందల మంది నిలబడి ఉన్నారు.

"మొగిలన్నా, ఎవరు చెప్పిండ్రు నీకు?" అని ఒకడు అరిచాడు.

"ఎవరో చెప్పుడేంది? నేనే చెప్తున్న" అన్నాడు మొగిలి కొంచెం కోపంగా.

"పక్కా ఖబరేనా?"

"నిర్ణయం తీసుకున్నోనికి తెల్వదా?"

ఓవర్‌మన్‌గా చేసినవాడు, ఆఫీసర్లతో టీలు తాగినవాడు, లోపలి సంగతి తెలిసీ పేరు బయటపెట్టడం లేదు అని జనం తమలో తాము తేల్చుకున్నారు. ఎవరో అప్పటికే ఆ ప్రసంగాన్ని ఫోన్లో పట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అది గోదావరి అవతలి నస్పూర్ చేరేసరికి ఐదు గంటలు నాలుగున్నర అయింది. ఆ పక్కనే ఉన్న జైపూర్‌లో దానికి ఆదివారం సెలవు రద్దు కూడా కలిసింది. జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు వాళ్లు, ఇది మన దాకా ఎప్పుడొస్తుందోనని తమ గేటు దగ్గర ఆరా తీయడం మొదలుపెట్టారు.

మొగిలికి అప్పుడు వెలిగింది. "అరే, మీకు గాదుర బై! ఇది నా దుకాణం ముచ్చట!" అని అరిచాడు. కానీ ఆ మాట మైకులో పడలేదు. అప్పటికే కార్మిక నాయకుడు వీరేందర్ బండి దిగి, స్టూలెక్కి, మైకు లాక్కున్నాడు. మొగిలి మాటను అదే క్షణాన పోతున్న టిప్పరు మింగేసింది.

వీరేందర్‌ది కిందటి ఎన్నికల్లో గెలిచిన సంఘం. "మా సంఘానికి తెల్వకుండ టైము ఎట్ల మారుస్తరు? ఇది మాకు అవమానం!" అన్నాడు. పది నిమిషాల్లో ఓడిన సంఘం నాయకుడు బుచ్చన్న వచ్చి, స్టూలు మీద మిగిలిన సగం జాగాలో ఎక్కాడు. "వాళ్లకు తెల్వకుండ ఎట్లయితది? సంతకం పెట్టిందే వాళ్లు!" అన్నాడు. ఇద్దరూ ఒకే మైకులో గంటసేపు తిట్టుకున్నారు. చివరికి ఒక్కదాని మీద మాత్రం రాజీ పడ్డారు. రేపు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఇక్కడే నిరాహార దీక్ష, అందులో ముందు కూర్చునేది ఈ అన్యాయాన్ని బయటపెట్టిన మొగిలన్న.

మొగిలి వీరేందర్‌ను పక్కకు లాగాడు. "తమ్మీ, జర ఇను. ఏ అన్యాయం లేదు, ఏం లేదు. నా ఓటల్ పొద్దుగాల తెరుద్దామని పోశంకు చెప్పిన, గంతే."

వీరేందర్ అతని కళ్లలోకి జాలిగా చూశాడు. "అన్నా, ఫోన్ చేసి బెదిరించిండ్రా?"

"ఎవరు?"

"పేరు చెప్పకు, నేను అడగ. నీ మీద ఎంత ఒత్తిడున్నదో నాకు సమజైతున్నది." వెంటనే మైకు దగ్గరికి పోయి, "మొగిలన్నను భయపెడుతున్నరు! మాట మార్చుకొమ్మంటున్నరు! మేము ఊకుంటమా?" అన్నాడు.

"ఊకోం!" అన్నారు జనం. "మొగిలన్న జిందాబాద్!"

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. రిటైరై రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో మొగిలి పేరును అంత మంది నోట విన్నది లేదు. బాయిలో అతను కేక వేస్తే వందమంది కదిలేవారు, ఇప్పుడు నీళ్ల గ్లాసు అడిగితే కూతవేటు దూరంలో ఎవరూ ఉండరు. ఆ జిందాబాద్ చెవుల్లో పడగానే అతనికి ఒళ్లంతా వెచ్చబడింది. మెడలో బంతిపూల దండ పడింది. ఇంకొకసారి వివరంగా చెబుదామని తెరిచిన నోరు మూసుకుని, రెండు చేతులూ జోడించాడు.

సాయంత్రానికి మహమూద్ టెంటు వేశాడు. రోడ్డు మీద అడ్డం కాకూడదని సరిగ్గా టిఫిన్ సెంటర్ ఎదుటే వేశాడు. "ఓటల్ ముంగట నిరాహార దీక్ష ఏందయ్యా!" అని అనసూర్య తల పట్టుకుంది. "గిరాకీ తెస్తవనుకుంటే ఆకలి తెచ్చినవు."

"ఇది ప్రజల పోరాటమే" అన్నాడు మొగిలి దండ తీయకుండానే.

"ఏ ప్రజలు? నువ్వు పెట్టిన డ్యూటీ మీద నువ్వే కొట్లాడుతవా?"

  అనసూర్య లోపలికి పోయి, రోజూ నానబెట్టే పప్పుకు నాలుగింతలు నానబెట్టింది. సంతోషి ఆశ్చర్యపోయింది.

"రేపు అందరు దీక్షల ఉంటరు గద చిన్నమ్మా? ఎవలు తింటరు?"

"పిచ్చిదానా, ముప్పై నాలుగేండ్లు ఈయనకు డబ్బా కట్టిన. నాకు తెల్వదా వీళ్ల సంగతి? ఐదింటి డ్యూటీకి పోనే పోమని ఇప్పుడు అందరు ఒర్రుతరు. పొద్దుగాల ఎందుకైన మంచిదని ప్రతొక్కడు ఐదింటికి గేటు కాడుంటడు. మస్టర్ పోతదంటే పెండ్లి పీటల మీదికెల్లి గూడ లేసి వస్తరు."

మంగళవారం నాలుగింటికి మొగిలి లేచాడు. రెండేళ్ల ఒట్టు టిఫిన్ల కోసం కాక ఉపవాసం కోసం తెగిపోయింది. టెంటులో వీరేందర్‌కూ బుచ్చన్నకూ మధ్య కూర్చున్నాడు. నాలుగుంపావుకు పోశం వచ్చి, టెంటు వైపు చూడకుండా దుకాణంలోకి పోయి పొయ్యి వెలిగించాడు. సంతోషి ఆయన వెనకే వచ్చింది. మొగిలి ప్రసంగాన్ని ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకున్నవాళ్లు ఊరు మొత్తంలో ఆ ఇద్దరే.

ఐదింటికి అనసూర్య చెప్పినట్టే జనం దిగారు. డ్యూటీ బట్టల్లో, టోపీలు చంకలో పెట్టుకుని, గుంపులు గుంపులుగా వచ్చారు. ఎందుకొచ్చావని అడిగితే ప్రతివాడూ దీక్షకు మద్దతు చెప్పడానికి వచ్చానన్నాడు. మద్దతు చెప్పి ఊరికే గేటు దాకా పోయి చూసి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పటిలాగే ఏడింటికే అన్నాడు.

"చూసిండ్రా, మన దీక్షకు భయపడి ఇయ్యాల ఆపిండ్రు!" అన్నాడు బుచ్చన్న.

అలా రెండు గంటలు ఖాళీ దొరికింది. చలికి ఆకలి వేస్తోంది. సమ్మె అనుకుని బజారులో ఉప్మా బండ్లు, బోండా బండ్లు ఒక్కటీ రాలేదు. తెరిచి ఉన్నది ఒకే ఒక్క దుకాణం. నాయకుల వైపు వీపు తిప్పి జనం దాని మీద పడ్డారు. పోశం రెండు పెనాల మీద ఊపిరి సలపకుండా పోశాడు. సంతోషి పల్లీ చట్నీ బకెట్టుతో తిరిగింది. అనసూర్య ఒక చేత్తో పార్సిళ్లు కడుతూ రెండో చేత్తో వరస సరిచేసింది.

మొగిలి టెంటులోంచి అంతా చూశాడు. ఆరుసార్లు తీసుకున్న నిర్ణయం, అతని కళ్ల ముందే, అతను లేకుండా జరిగిపోతోంది. తెలిసిన కార్మికుడొకడు ప్లేటు పట్టుకుని టెంటు దాకా వచ్చి, "అన్నా, నీ దుకాణంల దోసె గింత మంచిగుంటదని తెల్వకపాయె. ఇన్నొద్దులు పొద్దుగాల ఎందుకు తెరువలె?" అని అడిగి, మొగిలి ముందే చివరి ముక్క చట్నీలో ముంచి తిన్నాడు. మొగిలి గుటక మింగాడు. ఆరున్నరకు పిండి గిన్నెలు ఖాళీ అయ్యాయి, చివరి ఇడ్లీ వాసన కూడా టెంటులోకే వచ్చింది. ఏడింటికి ఫస్ట్ షిఫ్టు వాళ్లు బాయిలోకి దిగారు, నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు టెంటు ముందు చేరారు.

పది గంటలకు కంపెనీ ఆఫీసరొకాయన జీపులో వచ్చాడు. పాపం, ఆయన రాత్రంతా ఫోన్లు ఎత్తి ఎత్తి వచ్చినట్టున్నాడు. "అయ్యా, షిఫ్టు టైము మార్చే ఆలోచనే లేదు. ఎవరు పుట్టించారీ మాట?" అన్నాడు.

"గదే కాయితం మీద రాసియ్యండ్రి. రద్దు చేసినమని" అన్నాడు వీరేందర్.

"లేని ఆర్డరును ఎలా రద్దు చేస్తామండీ?"

"లేకుంటే రద్దు చేసుడానికి మీకేం తక్లీఫ్?" అన్నాడు బుచ్చన్న. రెండు సంఘాలూ ఒకే మాట మీద నిలబడటం ఆ ఆఫీసరు సర్వీసులో అదే మొదటిసారి.  ఆయన బాగా చదువుకున్నవాడే, అయినా ఈ లెక్క ఆ చదువులో ఎక్కడా లేదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి, 'ఉదయం ఐదు గంటల డ్యూటీ ప్రతిపాదన ఏదైనా ఉన్నచో అది ఇందుమూలముగా రద్దు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టి, జల్దీగా వెళ్లిపోయాడు.

టపాకాయలు పేలాయి. మొగిలికి నిమ్మరసం తాగించారు. దీక్ష గెలిపించింది తామంటే తామని నాయకులిద్దరూ మళ్లీ మైకు కోసం పెనుగులాడారు, చివరకు బుచ్చన్న గెలిచాడు. "ఇగ ఇనుండ్రి! ఈ ఏరియాల ఎవ్వడైనా సరే, ఎంత పెద్దోడైనా సరే, కార్మికుని ఐదింటికి డ్యూటీకి రమ్మంటే మా మొగిలన్న ముందు నిలబడి కొట్లాడుతడు! అంతేనా అన్నా?" నిమ్మరసం గొంతులో ఉండగా మొగిలి తలూపాడు. జనం చప్పట్లు కొట్టారు. దుకాణం గుమ్మంలో నిలబడి పోశం కూడా కొట్టాడు. మైకు కాబట్టి ఆయనకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

జనం వెళ్లిపోయాక అనసూర్య గిన్నెలు కడిగిస్తూ, పోశంకు ఐదు వేళ్లు చూపించి, "పోశమన్నా, సంతోషీ, రేపు గూడ ఇయ్యాల్టి టైముకే రావాలె. ఐదింటికి వస్తమని గిరాకీ అందరు చెప్పి పోయిండ్రు" అంది. ఆమె గొంతులో ఏడాదిగా వినబడని హుషారు ఉంది.

సంతోషి చేతులు తుడుచుకుంటూ నేల చూపులు చూసింది. "చిన్నమ్మా, అది రద్దయింది గద?"

"ఏది?"

"ఐదింటి డ్యూటీ. మొగిలి కాక తిండి లేకుండ కూసోని రద్దు చేపిచ్చిండు గద." పోశం జేబులోంచి ఒక కాగితం తీసి మడత విప్పాడు. ఆఫీసరు రాసిన దానికి అప్పటికే జిరాక్స్ తీయించుకుని వచ్చాడు. "బావ మన కోసమే కొట్లాడిండు" అన్నాడు నిజమైన కృతజ్ఞతతో. "బావ మాట కాదని ఐదింటికి ఎట్లొస్త? ఏడింటికి వస్త."

"అరే, అది బాయిది! ఇది ఓటల్‌ది!" అన్నాడు మొగిలి.

టెంటు విప్పిస్తూ అక్కడే ఉన్న వీరేందర్ ఆ మాట విని దగ్గరికి వచ్చాడు. "ఏంది మొగిలన్నా, బాయి కార్మికుడు వేరు, ఓటల్ కార్మికుడు వేరా? గంట కింద అందరి ముంగట తలూపినవు. రేపు నీ దుకాణం ముంగటనే టెంటు వెయ్యమంటవా?"

"టెంటు విప్పకుండ ఉంచమంటరా?" అని మహమూద్ ఆ పక్క నుంచి వినయంగా అడిగాడు.

అంతలో ఆయన కొడుకు సోహైల్ వచ్చాడు, చేతిలో ఫోన్ల అద్దాల బీరువా బొమ్మ గీసిన కాగితం పట్టుకుని. "అనసూర్య ఆంటీ, శనారమే అన్నరు గద? కార్పెంటర్‌కు చెప్పాలె, షట్టరు సంగతి ఏం చేసిండ్రు?"

అనసూర్య ఖాళీ పిండి గిన్నెల వైపు చూసింది. తరువాత మొగిలి వైపు చూసింది. అతని మెడలో బంతిపూల దండ ఇంకా ఉంది.

"పోశమన్న ఏడింటికే వస్తడు, సంతోషి ఏడింటికే వస్తది. న్యాయమే. నువ్వే కొట్లాడి తెచ్చినవు, నేను కాదన. నువ్వు మాత్రం కార్మికునివి గాదు, ఓనరువు. నీకు ఏ కాయితం వర్తించది. నాలుగింటికి లేసి పిండి కలిపి పెనం ముంగట నిలబడుతవా, సోహైల్‌ను కార్పెంటర్‌ను పిలుసుకొమ్మంటవా? ఒక్కటి చెప్పు."

మొగిలి వీరేందర్ వైపు చూశాడు. వీరేందర్ మహమూద్ వైపు చూశాడు. మహమూద్ మైకు తీగ చుట్టుకోవడంలో మునిగిపోయాడు. ఓనర్ల తరఫున దీక్ష చేసే సంఘం ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. మొగిలికి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ కళ్లకు కట్టింది.

"లేస్త" అన్నాడు.

"మైకు లేదు గద, ఇనబడలె" అంది అనసూర్య.

"లేస్తనే!" అని అరిచాడు మొగిలి. సోహైల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అది జరిగి మూడు నెలలైంది. ఫస్ట్ షిఫ్టు వాళ్లు ఇప్పుడు మొగిలి దుకాణంలో తినకుండా గేటు దాటడం లేదు. పోశం ఏడింటికి వచ్చి, టీ తాగి, పెనం ముందు చెమటలు కక్కుతున్న బావను చూసి జాలిపడి, అట్లకాడ అందుకుంటాడు. మొగిలి చేతుల మీద నూనె చుక్కలు పడి మచ్చలయ్యాయి, దోసెలు మాత్రం గుండ్రంగా వస్తున్నాయి. అతను కొత్తగా ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు. తీరిక దొరకడం లేదు.